సేటు ముందు రాని కోపం కాంటా కుర్రాడి మీదే ఎందుకొస్తుంది?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని, వయసు 39. కోతల సీజన్ వచ్చిందంటే నాకు తిక్క లేస్తుంది. మొన్న కాంటా దగ్గరి కుర్రాడు తూకం తప్పు రాశాడని అందరి ముందు తిట్టి రిజిస్టర్ మొహాన విసిరాను. మర్నాటి నుంచి వాడు పనికి రావడం లేదు, హమాలీలు నాతో ముభావంగా ఉంటున్నారు. సేటు నన్ను ఇంతకన్నా ఎక్కువే అంటాడు, నేను పల్లెత్తు మాట అనను. కోపం నా చేతిలో ఉండటం లేదు. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: చేతిలో లేదంటున్నారు, కానీ సేటు ముందు ఉంటోంది కదా! అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. తిరిగి అనలేని వాడెవడో మీ కోపానికి బాగానే తెలుసు. కటువుగా అన్నాననుకోకండి, ఆపుకోగలరని చెప్పడానికే అంటున్నా. ఇంకో మాట, రిజిస్టర్ విసరడం కోపం కాదు, చెయ్యి చేసుకోవడం. అది మళ్లీ జరక్కూడదు.

అయితే మీ ఒత్తిడీ చిన్నదేం కాదు. సర్కారు కొనే వడ్లకు తేమ 17 శాతం దాటొద్దు, మీటర్ 19 చూపిస్తే రైతు మీ మీద ఎగురుతాడు, చూసీ చూడనట్టు దించుకుంటే సేటు ఎగురుతాడు, అర్ధరాత్రి దాకా లారీలు, పొద్దున లేచేసరికి గేటు బయట ట్రాక్టర్ల వరస, మధ్యాహ్నం మూడింటి దాకా కడుపులో చాయ్ తప్ప ఏమీ ఉండదు. నిద్ర, తిండి లేని మనిషికి చిన్న తప్పూ కొండంత కనిపిస్తుంది. అందుకే సీజన్‌లో పన్నెండింటికల్లా నాలుగు ముద్దలు తినండి, ఎవరేమనుకున్నా సరే.

కోపం మాటల్లోకి రాకముందే ఒంట్లో తెలుస్తుంది. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి పళ్లు బిగుసుకుంటాయి. మీకేమవుతుందో గమనించి, అది మొదలవగానే చేతిలో కాగితాలు పక్కన పెట్టి నల్లా దగ్గరికి నడవండి. మొహం కడుక్కుని, ఊపిరి పీల్చిన దానికన్నా నెమ్మదిగా వదలండి, గుండె దడ కొంత తగ్గుతుంది. "ఇప్పుడే వస్తా" అంటే కాసేపు కదిలించొద్దని పనివాళ్లకు ముందే చెప్పి ఉంచండి. గట్టిగా అరిచేస్తే కోపం దిగిపోతుందని చాలామంది నమ్ముతారు గానీ, పరిశోధనల్లో తేలింది వేరు, అరిచిన కొద్దీ అరవడమే అలవాటవుతుంది.

కుర్రాడింటికి మీరే వెళ్లండి, ఎవరితోనో కబురు పెట్టొద్దు. "తప్పు నాదే, నీ మీద అట్లా విసరకుండా ఉండాల్సింది" అనండి, "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టారో, వెళ్లకపోవడమే నయం. అందరి ముందు అవమానించారు కాబట్టి హమాలీల ముందు కూడా ఆ మాట ఒకసారి అనాలి. తూకం సంగతి మరో రోజు చూసుకోవచ్చు.

బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రాత్రిపూట మందు అలవాటుంటే డాక్టర్ దగ్గర దాచొద్దు. మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. ఇదే కోపంతో ఇంకో మిల్లుకు పోతే అక్కడా ఒక కాంటా, ఒక కుర్రాడు ఉంటారు. సేటుతో మాట్లాడటం మాత్రం తప్పదు, రాత్రి కాంటాకు ఇంకో మనిషిని పెట్టమని అడగండి, తప్పు తూకం వల్ల పోయే డబ్బు లెక్కతో సహా చెప్తే వింటాడు. వచ్చే సీజన్ మొదలవకముందే అడగండి, ట్రాక్టర్లు వరస కట్టాక ఆయనకూ వినే తీరిక ఉండదు.