ఊరి నోట్ల బాకీ ఉండగా పొదుపు ఎప్పుడు మొదలుపెట్టాలి?

నెలకు 40 వేల జీతం మీద, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి రాసిన 4 లక్షల ప్రామిసరీ నోట్లు (అప్పు పత్రాలు), సుమారు 50 వేల క్రెడిట్ కార్డు బాకీ ఉన్నప్పుడు ముందు అప్పు తీర్చాలా, పొదుపు మొదలుపెట్టాలా, లేక చీటీ పాడి అప్పు కట్టేయాలా అని మీరు అడిగారు. నాన్నగారి వైద్యానికీ, చెల్లెలి పెళ్లికీ మా ఇంట్లో రాసిన నోట్లను తీర్చే బాధ్యత కొన్నేళ్లపాటు నాపైనే ఉంది కాబట్టి, ఆ అనుభవంలో నాకు నికరంగా తెలిసిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం కనుక దాని అసలు బరువు వెంటనే తెలియదు. రెండు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి 24 శాతం. అంతకంటే ముఖ్యమైనది నోటు తిరగరాయడం. ప్రామిసరీ నోటు మీద కోర్టులో దావా వేయడానికి చట్టప్రకారం 3 సంవత్సరాల కాలపరిమితి ఉంటుంది. ఆ గడువు దగ్గరపడేసరికి అప్పిచ్చినవారు నోటు తిరగరాయమంటారు, అప్పటిదాకా కట్టని వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు తయారుచేస్తారు. లక్ష రూపాయల నోటు మీద మూడేళ్లూ వడ్డీ కట్టకపోతే 72,000 పేరుకుంటుంది, కొత్త నోటు 1,72,000కు రాస్తారు. రెండో మూడేళ్లకు ఈ మొత్తంపై మరో 1,23,840 వడ్డీ అవుతుంది. అంటే ఆరేళ్లలో లక్ష రూపాయల అప్పు 2,95,840కి చేరుతుంది. మా ప్రాంతంలో పొలాలు అమ్ముకున్న కుటుంబాలలో ఎక్కువమంది నష్టపోయింది మొదట తీసుకున్న అప్పువల్ల కాదు, రెండోసారీ మూడోసారీ తిరగరాసిన నోట్లవల్ల.

అందుకని మీ నోట్లన్నిటికీ రాసిన తేదీ, అసలు, కట్టిన వడ్డీ, తిరగరాయాల్సిన గడువు ఒక పుస్తకంలో రాసుకోండి. ఏ నోటు గడువు ముందుగా వస్తుందో దాని వడ్డీని ముందు పూర్తిగా కట్టి, ఒక్క రూపాయి వడ్డీ కూడా అసలులో కలవకుండా చూడండి. మేమూ ఇదే పద్ధతి పాటించాం; అప్పు పెరగడం ఆగిన తరువాతే అసలు తగ్గించడం గురించి ఆలోచించే వీలు కలిగింది. ఎంత కట్టినా సరే నోటు వెనుక తేదీతో, మొత్తంతో చెల్లు వేయించి (ఇంత కట్టినట్టు రాయించి) సంతకం చేయండి. ఆ చెల్లువల్ల అప్పిచ్చినవారికి కూడా కాలపరిమితి ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది కనుక సాధారణంగా వారు అభ్యంతరం చెప్పరు. వీలైతే డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే పంపండి. బాకీ పూర్తిగా తీరిన రోజే నోటునూ, హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కులుంటే వాటినీ వెనక్కి తీసుకోండి. బంధువులే కదా, తరువాత తీసుకుందామని వదిలేసిన నోట్లు, వారి పిల్లల చేతికి వచ్చాక గొడవలకు దారితీసిన సందర్భాలు మా ఊళ్లోనే చూశాను.

అయితే వీటన్నిటికంటే ముందు తీర్చవలసింది మీ కార్డు బాకీ. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, 50,000 మీద నెలకు 1,750 అవుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ కింద మరో 315. బిల్లులో చూపించే కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అసలు చాలా నెమ్మదిగా తగ్గుతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా వర్తించదు. బాకీ తీరేవరకు ఆ కార్డును వాడకండి.

ఇంట్లో బంగారం ఉంటే దాని గురించి కుటుంబంతో మనసు విప్పి మాట్లాడండి. బ్యాంకులో బంగారంపై రుణం సాధారణంగా సంవత్సరానికి 9 నుంచి 10 శాతం వడ్డీకి దొరుకుతుంది. 2 లక్షల నోట్లను ఈ రుణంతో తీర్చేస్తే, సంవత్సరానికి 48,000 కట్టాల్సిన చోట సుమారు 20,000 సరిపోతుంది. మిగిలిన 28,000ను తప్పనిసరిగా అసలుకే జమ చేయాలి. లేకపోతే గడువు వచ్చినప్పుడు నగ వేలానికి వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఆ నగ అమ్మదో, భార్యదో అయితే వారి పూర్తి ఇష్టంతోనే తాకట్టు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. బంగారం లేకపోతే అప్పిచ్చినవారినే అడగండి: అసలులో కొంత ఒకేసారి కడతాను, మిగిలినదానికి వడ్డీ రూపాయి లేదా రూపాయిన్నరకు తగ్గించండి అంటే ఒప్పుకునేవారు ఉంటారు, ముఖ్యంగా ఇతరులు ఎగ్గొట్టిన బాకీలతో విసిగిపోయినవారు.

ఇక పొదుపు సంగతి. 24 శాతం వడ్డీ కడుతూ 7 శాతం ఇచ్చే డిపాజిట్‌లో పెద్ద మొత్తాలు వేయడం నష్టమే. కానీ ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తాన్ని మాత్రం అప్పులు తీరుస్తూనే విడి ఖాతాలో ఉంచండి. అది లేకపోతే పిల్లలకు జ్వరం వచ్చినా, బండి చెడిపోయినా మళ్లీ చేబదులుకు వెళ్లవలసి వస్తుంది. మా కుటుంబానికి అప్పులు రావడానికి ప్రధాన కారణం ఆసుపత్రి ఖర్చు కాబట్టి, ఆరోగ్య బీమాను కూడా అప్పులు తీరేదాకా వాయిదా వేయవద్దని కోరుతున్నాను.

చివరి నోటు తీరిన నెల నుంచి, అప్పటివరకు బాకీకి కడుతున్న మొత్తంలో కనీసం సగాన్ని అదే తేదీన పొదుపు ఖాతాకు మళ్లించండి. ఆ డబ్బు లేకుండా బతకడం అప్పటికే ఇంట్లో అందరికీ అలవాటై ఉంటుంది. నేను మొదట ఎంచుకున్నది పోస్టాఫీసులోని పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా. దీని వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గింది. గడువు 15 సంవత్సరాలు, సంవత్సరానికి 1.5 లక్షల వరకు వేయవచ్చు. నెలకు 5,000 చొప్పున వేస్తే, ఇదే వడ్డీ కొనసాగిందనుకుంటే, 15 సంవత్సరాలకు వేసిన 9 లక్షలు 15 లక్షలు దాటుతాయి. ప్రతి నెలా 5వ తేదీలోపు జమ చేస్తేనే ఆ నెల వడ్డీ లెక్కలోకి వస్తుంది. ఈ ఖాతాలోని సొమ్మును అప్పుల డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) కింద కోర్టులు జప్తు చేయలేవు, అప్పుల భయం చూసిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతాను కూడా పరిశీలించండి.

చీటీ విషయంలో నా సలహా, ఇప్పుడు వద్దని. 5 లక్షల చీటీని మొదటి నెలల్లో 3.5 లక్షలకు పాడుకుంటే, ఒకటిన్నర లక్ష ముందే వదులుకున్నట్టు. ఆపై మిగిలిన వాయిదాలన్నీ కట్టాలి, హామీదారులను కూడా చూపించాలి. అప్పులన్నీ తీరాక, పొదుపు కోసమే చేరి చివరి నెలల్లో తీసుకోదలిస్తే, 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన సంస్థలోనే చేరండి. వీధిలో తెలిసినవారు నడిపే చీటీకి రిజిస్ట్రేషన్ లేకపోతే, నడిపేవారు చేతులెత్తేసిన రోజున మీ డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టమవుతుంది.