టెక్ సందేహాలు: వారసత్వ డబ్బు ఖాతాలో పడే ముందు ఫోన్ సంగతి చూడండి

మా నాన్నగారు పోయినేడు కాలం చేశారు. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్లు నామినీగా ఉన్న అన్నయ్య చేతికి వచ్చాయి. అందులో నా వాటా 38 లక్షలు పంపిస్తానంటున్నాడు. అన్నయ్య గుంటూరులో ఉంటాడు, నేను బెంగళూరులో. యూపీఐలో లక్ష దాటి వెళ్లడం లేదు. రోజుకో లక్ష పంపమనాలా, చెక్కు కొరియర్ చేయమనాలా? చెక్కును ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, జమ అయిపోతుందని అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు అంటోంది. ఒకేసారి అంత డబ్బు పడితే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు అడుగుతారా? నా ఖాతా ఆరు నెలల క్రితం ఫోన్‌లోనే ఆధార్ ఓటీపీతో తెరిచాను.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మీ ఉత్తరం చివర్లో ఉందమ్మా. ఆధార్ ఓటీపీతో మాత్రమే తెరిచిన ఖాతాకు పూర్తి కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు తనిఖీ, అయినట్టు కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అలాంటి ఖాతాలో నిల్వ లక్ష దాటకూడదు. ఏడాది మొత్తంలో పడే జమలన్నీ కలిపినా 2 లక్షలు మించకూడదు. అందులోకి 38 లక్షలు పంపితే డబ్బు తిరిగి వెళ్లిపోవచ్చు, లేదా ఖాతా ఆగిపోయి మీకు లేనిపోని టెన్షన్ పట్టుకోవచ్చు. అందుకే ముందు ఆధార్, పాన్ కార్డు పట్టుకుని బ్రాంచికి వెళ్లండి. యాప్‌లో వీడియో కేవైసీ ఉంటే అదీ చెల్లుతుంది. కేవైసీ పూర్తయినట్టు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చేదాకా అన్నయ్యగారిని ఒక్క రూపాయి కూడా పంపొద్దనండి.

ఆ తర్వాత ఆర్‌టీజీఎస్‌లో పంపించుకోండి. అది బ్యాంకు నుంచి బ్యాంకుకు 2 లక్షలు, అంతకు మించిన మొత్తాలు పంపడం కోసమే ఉంది. రిజర్వు బ్యాంకు వైపు నుంచి పై పరిమితి లేదు. 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ, ఆదివారమూ పనిచేస్తోంది. ఆయన బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితి అడ్డొస్తే బ్రాంచిలో ఆర్‌టీజీఎస్ ఫారం నింపి, చెక్కు ఇస్తే సరిపోతుంది. చార్జీ 50 రూపాయల లోపే, దానిపై జీఎస్‌టీ. రోజుకో లక్ష చొప్పున నెల దాటి పంపడం అనవసరం. ముక్కలుగా వచ్చిన డబ్బుకు లెక్క చెప్పడం కూడా కష్టం.

వివరాలు నింపేటప్పుడు అన్నయ్యగారు ఒక చోట ఆగి చూసుకోవాలి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో (బ్యాంకు బ్రాంచిని గుర్తించే కోడ్) 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నాయే. చాలామంది అక్కడ ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టేస్తారు. ఖాతా నంబరు ఇచ్చాక అవతలి ఖాతాదారు పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ నుంచి ఆర్‌టీజీఎస్‌కూ, బ్యాంకు బదిలీకే ఉన్న మరో పద్ధతి నెఫ్ట్‌కూ వచ్చింది. తెర మీద మీ పేరు కనబడితేనే ముందుకు వెళ్లమనండి. ముందుగా వంద రూపాయలు పంపి, మీకు అందిందని ఫోన్‌లో నిర్ధారించుకున్నాక అసలు మొత్తం పంపడం ఇంకా మంచిది.

ఫొటోతో చెక్కు వేయడం అమెరికాలో మామూలే. అక్కడ కూడా యాప్‌లో ఎంత మొత్తం వేయొచ్చో పరిమితులుంటాయి. మన దగ్గర చెక్కు బ్రాంచిలో ఇవ్వాల్సిందే. అక్కడ దాన్ని స్కాన్ చేసి, బొమ్మను మాత్రమే అన్నయ్యగారి బ్యాంకుకు పంపుతారు. అంటే ఫొటో పని మన దగ్గర బ్యాంకే చేస్తుందన్నమాట. తప్పనిసరై చెక్కే ఇస్తే మీ ఖాతాలోనే జమ అయ్యేలా అకౌంట్ పేయీ అని క్రాస్ చేయించండి. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, మీ పేరు ఆయన తన యాప్‌లో ‘పాజిటివ్ పే’ కింద ముందే నమోదు చేయాలి. 5 లక్షలు, ఆ పైన ఉండే చెక్కులకు బ్యాంకులు దీన్ని తప్పనిసరి చేయవచ్చు. అది మర్చిపోతే చెక్కు తిరిగి రావచ్చు.

పన్ను సంగతి. మన దేశంలో వారసత్వ పన్ను లేదు, పాత ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. వాటాగా వచ్చిన మొత్తంపై పన్ను ఉండదు, దాని మీద వచ్చే వడ్డీపై మాత్రం ఉంటుంది. ఎవరైనా అడిగితే చూపించడానికి నాన్నగారి మరణ ధ్రువపత్రం, డిపాజిట్లు మూసినప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్, పంపకం గురించి మీరిద్దరూ సంతకాలు చేసిన కాగితం స్కాన్ చేసి దాచండి. ఇల్లో స్థలమో అమ్మగా వచ్చిన డబ్బయితే లెక్క వేరు. అమ్మింది వారసులే కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభంపై పన్ను) చూడాలి. దానికి ఆడిటర్‌ను కలవండి.

ఇక నాకు అసలు భయం డబ్బు వచ్చాక. చాలామంది డబ్బు ఎలా వస్తుందని వారం రోజులు ఆలోచిస్తారు, ఎలా పోగలదని ఒక్క పూట కూడా ఆలోచించరు. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసే ఫోన్ వెనక 38 లక్షలు ఉండకూడదు. యూపీఐకి, డెబిట్ కార్డుకు ముడిపెట్టని రెండో ఖాతా ఒకటి పెట్టుకుని, పెద్ద మొత్తం అందులో ఉంచండి. యాప్ సెట్టింగుల్లో ట్రాన్స్‌ఫర్ పరిమితిని రోజుకు పాతిక వేలకో యాభై వేలకో తగ్గించండి. అవసరమైన రోజు పెంచుకోవచ్చు.

ఎఫ్‌డీ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. ఫోన్ మోసగాడి చేతిలో పడితే ఆన్‌లైన్‌లోనే ఎఫ్‌డీని రద్దు చేసి సేవింగ్స్‌లోకి మళ్లించి, అక్కడి నుంచి లాగేస్తాడు. గడువుకు ముందు ఆన్‌లైన్‌లో మూసే వీలు లేకుండా చేయగలరా అని బ్రాంచిలో అడగండి. కొన్ని బ్యాంకులు చేస్తాయి. మరో మాట, బ్యాంకు మునిగితే వచ్చే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. ఎన్ని బ్రాంచిల్లో పెట్టినా అన్నీ కలిపే లెక్క. అందువల్ల రెండు మూడు పటిష్ఠమైన బ్యాంకుల్లో సర్దుకోవడం మేలు.

వాట్సాప్‌లో పెళ్లి కార్డు పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) ఏదీ తెరవొద్దు. కేవైసీ చేయించే రోజుల్లోనే ‘మీ కేవైసీ ఆగిపోయింది’ అంటూ ఫోన్లు వస్తే నమ్మాలనిపిస్తుంది, అదే ప్రమాదం. కట్ చేసి మీరే బ్రాంచికి వెళ్లండి. ఏదైనా జరిగితే మొదటి గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అప్పుడే ఎక్కువ.

అమ్మ చనిపోయి నెల అయింది. ఆమె ఫోన్, యూపీఐ పిన్ మా దగ్గరే ఉన్నాయి. ఖాతాలోని డబ్బు మా ఖాతాకు పంపేసుకుని సిమ్ తీసేయొచ్చా?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

రెండూ చేయకండి. అమ్మగారు లేరని తెలిసి ఆమె పిన్‌తో డబ్బు తీస్తే, మీరు వారసులే అయినా అది తప్పే అవుతుంది. రేపు తోబుట్టువుల మధ్య మాట వస్తే స్టేట్‌మెంట్‌లో తేదీలు కనబడతాయి. నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం, గుర్తింపు కార్డుతో బ్యాంకు డబ్బు ఇస్తుంది. సిమ్ మాత్రం క్లెయిములన్నీ అయ్యేదాకా రీచార్జి చేస్తూ ఉండండి. 90 రోజులు వాడకపోతే నంబరు ఆపేస్తారు, కొన్నాళ్లకు అది ఇంకెవరికో వెళ్తుంది. అప్పటికీ పాత ఖాతాల ఓటీపీలు దానికే వస్తుంటే ఎంత చిక్కో ఊహించండి. మరణ ధ్రువపత్రం చూపి ఆ నంబరును మీ పేరుమీదకు మార్చుకోవడం సరైన పద్ధతి. అమ్మగారికి మనకు తెలియని డిపాజిట్లు ఉన్నాయేమోనని అనుమానం ఉంటే, రిజర్వు బ్యాంకు ‘ఉద్గమ్’ పోర్టల్‌లో ఆమె పేరుతో వెతకండి. పదేళ్లకు పైగా ఎవరూ అడగని డబ్బు వివరాలు అందులో ఉంటాయి.

మా ఇంటిపేరే ఉన్న ఒకాయన లండన్‌లో చనిపోయారని, వారసుణ్ని నేనేనని లాయరు పేరుతో ఈమెయిల్ వచ్చింది. ప్రాసెసింగ్ ఫీజు 18 వేలు కట్టమంటున్నారు.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

మోసం. ఇంటిపేరు ఇంటర్నెట్‌లో వెతికి ఇలాంటి ఉత్తరాలు వేల మందికి పంపుతారు. జవాబివ్వొద్దు, పాన్, ఆధార్ కాపీలు పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే ఆ ఉత్తరాన్ని డిలీట్ చేయకుండా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, మీ పేరున కొత్త రుణాలేమైనా పుట్టాయేమో క్రెడిట్ రిపోర్టులో చూసుకోండి.