శబ్దం కళ్లకు కట్టాలంటే: వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: యూనిటీలో (ఆటలు, వీఆర్ దృశ్యాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పాటకు తగ్గట్టు లేచే 64 స్తంభాలను చూసేవారి చుట్టూ వలయంగా నిలబెట్టాను. మొదటి ఏడెనిమిదే ఎగురుతున్నాయి, మిగతావి నేలకు అతుక్కుపోయాయి. లోపం పాటలో ఉందా, కోడ్‌లో ఉందా?

జవాబు: పంపకంలో ఉంది. ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చెప్పే యూనిటీ ఫంక్షన్ గెట్‌స్పెక్ట్రమ్‌డేటాకు 64 గడుల అర్రే (సంఖ్యల వరుస) ఇస్తే, 48,000 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో (శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిస్తే) 0 నుంచి 24,000 హెర్ట్జ్ దాకా ఉన్న మేరను అది 64 సమాన ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క 375 హెర్ట్జ్. కిక్ డ్రమ్, బేస్ గిటార్, మగగొంతు మూలస్వరం అన్నీ మొదటి స్తంభంలోనే ఇరుక్కుంటాయి. పాట బలంలో ఎక్కువ భాగం ఉండే 3,000 హెర్ట్జ్ లోపు మేరంతా ఎనిమిదింటితో సరి. చెవి అలా వినదు. దానికి 100 నుంచి 200 హెర్ట్జ్‌కి ఎంత దూరమో, 5,000 నుంచి 10,000కీ అంతే దూరం.

అర్రేను 1,024 గడులకు పెంచి, విండోగా (కొలిచే శబ్దపు ముక్క అంచులను మెత్తబరిచే పద్ధతి) బ్లాక్‌మన్‌హారిస్ పెట్టండి. గడి 23.4 హెర్ట్జ్‌కి తగ్గుతుంది. ఆపైన గడులను పట్టీలుగా కట్టడం మీ పని. 100 హెర్ట్జ్ కిందిదంతా ఒకే పట్టీ; అక్కడి నుంచి 12,800 దాకా ఏడు ఆక్టేవ్‌లు (పౌనఃపున్యం రెట్టింపయ్యే మేర ఒక ఆక్టేవ్), ఒక్కోదానికి మూడు పట్టీలు. మొత్తం 22 స్తంభాలు. ఒక హద్దును 1.26తో గుణిస్తే తర్వాతి హద్దు వస్తుంది. 64 స్తంభాలూ ఉండాల్సిందేనని 100 హెర్ట్జ్ కింద కూడా పట్టీలు కోస్తే, పట్టీ గడి కంటే సన్నమైపోయి పక్కపక్క స్తంభాలు కవలల్లా ఒకేసారి లేచి ఒకేసారి పడతాయి. చాలామంది అది బగ్ అనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

పట్టీలో సగటు తీయకండి, గరిష్ఠ విలువ తీసుకోండి. పై చివరి పట్టీలో వందకు పైగా గడులుంటాయి. సగటు తీస్తే అక్కడి ఒకటి రెండు బలమైన గడులు మిగతావాటిలో కలిసి కనబడకుండా పోతాయి. ఆ విలువకు 0.000001 కలిపి, ఆధారం 10గా లాగ్ తీసి, 20తో గుణిస్తే డెసిబెల్స్ వస్తాయి. ఆ చిన్న సంఖ్య కలపకపోతే నిశ్శబ్దంలో సున్నాకు లాగ్ తీసినట్టవుతుంది, ఫలితం మైనస్ అనంతం, స్తంభం తెరమీంచి మాయం. సంగీతంలో పై పౌనఃపున్యాలు సహజంగానే బలహీనం కాబట్టి ఆక్టేవ్‌కు 3 డెసిబెల్స్ చొప్పున పెంచుతూ పోండి. చివరికి −70ని 0గా, −20ని 1గా లెక్కగట్టి, పాటను బట్టి ఈ రెండు హద్దులనూ సవరించుకోండి.

ప్రశ్న: మానిటర్ మీద బాగానే ఉన్నది హెడ్‌సెట్‌లో వణుకుతోంది. పైగా కాసేపటికే తల తిరుగుతోందంటున్నారు.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. వణుకుకు మందు, లేవడానికీ పడడానికీ వేరువేరు వేగాలు పెట్టడం. లేవడానికి 10 మిల్లీసెకన్లు, పడడానికి 200 మిల్లీసెకన్లు మంచి ఆరంభం. ప్రతి ఫ్రేమ్‌లో పాత విలువను కొత్తదాని వైపు ఎంత జరపాలో ఇలా లెక్కించండి: ఫ్రేమ్ వ్యవధిని ఈ కాలంతో భాగించి, ఆ ఫలితానికి మైనస్ గుర్తు పెట్టి, ‘ఈ’కి (సుమారు 2.718 అనే గణిత స్థిరాంకం) ఘాతంగా వేసి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేయండి. సెకనుకు 72 ఫ్రేములైతే లేచేటప్పుడు 0.75, పడేటప్పుడు 0.067 వస్తాయి. ఈ అంకెలను కోడ్‌లో నేరుగా రాసేస్తే 120 ఫ్రేముల హెడ్‌సెట్‌లో స్తంభాలు 1.67 రెట్లు వేగంగా పడిపోతాయి.

మధ్యమధ్య ఒక్క ఫ్రేమ్ తడబడుతోందంటే అప్‌డేట్‌లో (ప్రతి ఫ్రేమ్‌కూ నడిచే కోడ్) ప్రతిసారీ కొత్త అర్రే సృష్టిస్తున్నారేమో చూడండి. 1,024 ఫ్లోట్‌లంటే (దశాంశ సంఖ్యలు) 4 కేబీ. 72 ఫ్రేములకు సెకనుకు 288 కేబీ చెత్త, అంటే వాడి వదిలేసిన మెమరీ. దాన్ని ఊడ్చేటప్పుడే ఆ తడబాటు. అర్రేను స్టార్ట్‌లో (మొదట ఒకేసారి నడిచే కోడ్) ఒక్కసారి చేసుకుని అదే వాడండి. కళ్లకు దగ్గరగా పెద్ద పారదర్శక పొగ తెరలు పెట్టినా ఇదే గతి: ఒకే పిక్సెల్‌ను పదేపదే, అదీ రెండు కళ్లకూ గీయాలి.

తల తిరగడానికి కారణం మాత్రం ఏది కదులుతోందన్నది. బేస్ దెబ్బకు కెమెరానో, నేలనో, గది మొత్తాన్నో కదిపితే, శరీరం నిలబడే ఉందని చెవి లోపలి సమతౌల్య అవయవం అంటుంది, కదులుతోందని కన్ను అంటుంది. నేల, దిగంతం స్థిరంగా ఉంచి వస్తువులనే ఆడించండి. ఇక మెరుపులు: సెకనుకు మూడు దాటకూడదు, మూర్ఛ ప్రమాదం ఉంది. నిమిషానికి 120 బీట్‌ల పాటలో ప్రతి బీట్‌కూ మెరిస్తే సెకనుకు రెండు, అరబీట్‌కూ మెరిస్తే నాలుగు. ముదురు ఎరుపు మెరుపులు మరీ ప్రమాదం. చీకటి నుంచి తెలుపుకు దూకించకుండా కాంతిని 0.6 నుంచి 1 మధ్యే ఆడించడం మేలు. హెడ్‌సెట్‌లో పక్కకు చూసి తప్పించుకోవడం కుదరదు మరి.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో వెలుగు ముందొస్తోంది, దెబ్బ తర్వాత వినిపిస్తోంది.

జవాబు: బ్లూటూత్‌లో శబ్దం 150–200 మిల్లీసెకన్లు ఆలస్యం కావడం మామూలే. శబ్దాన్ని ముందుకు జరపలేరు కాబట్టి దృశ్యాన్ని ఆపాలి: పట్టీల విలువలను వరుసలో పెట్టి, 180 మిల్లీసెకన్లయితే 13 ఫ్రేముల తర్వాత వాడండి (72 ఫ్రేముల లెక్కన). వైరు ఇయర్‌ఫోన్‌లో ఇబ్బంది తిరగబడుతుంది. 1,024 గడుల విండో 43 మిల్లీసెకన్ల శబ్దాన్ని చూస్తుంది, దృశ్యం అందులో సగం మేర వెనకబడుతుంది. గడులు 2,048 చేస్తే ఆ వెనకబాటే 43 మిల్లీసెకన్లు అవుతుంది. శబ్దం దృశ్యం కంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందుంటే మనిషి పసిగడతాడు. కాబట్టి తాళం ముఖ్యమైన పాటకు 1,024 దాటకండి.

ప్రశ్న: బ్రౌజర్‌లో వెబ్‌ఎక్స్‌ఆర్‌తో (బ్రౌజర్‌లోనే వీఆర్ నడిపే సౌకర్యం) చేస్తున్నాను. ఏదీ కదలదు.

జవాబు: ఎవరైనా బటన్ నొక్కాకే ఆడియోకాంటెక్స్ట్‌ను (బ్రౌజర్‌లో శబ్దాన్ని నడిపే వెబ్ ఆడియో భాగం) రెజ్యూమ్ చేయండి. పాట వేరే సర్వర్‌లో ఉండి, అది సీఓఆర్‌ఎస్ అనుమతి (వేరే సైట్ తన ఫైలును వాడుకోవచ్చనే అనుమతి) ఇవ్వకపోతే వెబ్ ఆడియోకు నిశ్శబ్దమే అందుతుంది. కదలిక వచ్చాక బద్ధకంగా అనిపిస్తే అనలైజర్‌నోడ్ (పౌనఃపున్యాలను లెక్కించే భాగం) స్మూతింగ్, అంటే పాత విలువలతో కలిపి నునుపు చేసే అమరిక, ముందే 0.8గా ఉంటుందని గుర్తుంచుకుని, దాన్ని 0 చేయండి.

ప్రశ్న: వినికిడి లేనివారికి శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చూపవచ్చా?

జవాబు: చూపవచ్చు, రికార్డింగ్ ఆంబిసోనిక్ (చుట్టూ అన్ని దిక్కుల శబ్దాన్నీ పట్టేది) అయితే. స్టీరియో రికార్డింగ్ ముందూ వెనకా తేల్చదు. ఆంబిఎక్స్ (ఆంబిసోనిక్ ఫైలు పద్ధతి) ఫైలులో నాలుగు చానెళ్లు డబ్ల్యూ (అన్ని వైపులదీ), వై (ఎడమ–కుడి), జడ్ (పైన–కింద), ఎక్స్ (ముందు–వెనక) వరుసలో ఉంటాయి. డబ్ల్యూను ఎక్స్‌తో, విడిగా వైతో గుణించి, 50 మిల్లీసెకన్ల సగటులు తీసి, వై సగటు ముందు, ఎక్స్ సగటు తర్వాత ఉంచి ఆర్క్‌టాన్2 (రెండు విలువల నుంచి కోణం లెక్కించే ఫంక్షన్) వేస్తే కోణం వస్తుంది. ఇక్కడ వై అంటే ఎడమ. యూనిటీలో ఎక్స్ అంటే కుడి. ప్లస్, మైనస్ గుర్తు మార్చడం మరిస్తే కుడివైపు తలుపు చప్పుడుకు ఎడమవైపు దీపం వెలుగుతుంది.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే దిక్కు చూపే బాణం వారి నడుమ ఎవరూ లేని చోటును చూపుతుంది. శబ్దాన్ని మూడు నాలుగు పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీకి విడిగా దిక్కు లెక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. దిక్కు చూపే ఆ బాణాన్ని తలకు కాక దృశ్యానికి బిగించండి, చూపు దాటిన శబ్దానికి అంచున చిన్న సూచన పెట్టండి. మాటలకు మాత్రం రంగుల తరంగాలు పనికిరావు. వాటిని చూసి మాట చదవడం ఎవరి తరమూ కాదు. మాట్లాడేవారి పక్కన ఉపశీర్షిక పెట్టి, గొంతు తీవ్రతను అక్షరాల సైజులో చూపితే సరిపోతుంది.