వజ్రం ఘనీభవిస్తుందా?

సందేహం: మాస్టారూ, మాది రాజోలు దగ్గర, డిగ్రీ ఫైనలియర్ ఫిజిక్స్. కాలేజీ పత్రికకి కార్బన్ పదార్థాల మీద వ్యాసం ఇస్తూ ‘ద్రవ హీలియంలో 4 డిగ్రీల కెల్విన్ దగ్గర వజ్రం, గ్రాఫీన్ లాంటి స్పటికాలు ఘనీభవిస్తాయి, వాటిలో అణువుల కదలిక పూర్తిగా ఆగిపోతుంది’ అని రాశాను. మా తెలుగు సార్ ‘ఘనీభవిస్తాయి’ కొట్టేసి ‘గడ్డకడతాయి’ అని పెట్టారు. ఇంకోచోట ‘గ్రాఫీన్ చల్లబడితే వ్యాకోచిస్తుంది’ అన్నాను, వ్యాకోచం వేడికే వస్తుంది, చలికి రాదు అన్నారు. ఏది కరెక్టండి?

సమాధానం: మొదటి వాక్యంలో ఇద్దరి మాటా కుదరదమ్మా, రెండోదాంట్లో మాత్రం నువ్వు రాసిందే రైటు.

ఘనీభవించడం అనే మాటలో ఆ ‘ఘనీ’ ఉంది చూడు, దీర్ఘం ఊరికే రాలేదు. సంస్కృత వ్యాకరణంలో దాన్ని చ్వి ప్రత్యయం అంటారు, ముందు కానిది ఇప్పుడు అయ్యింది అని చెప్పాల్సొచ్చినప్పుడు అది వస్తుంది. ద్రవీభవించు, బాష్పీభవించు, అంతెందుకు ఏకీభవించు కూడా అదే, ఇద్దరి మాటా ముందు వేరుగా ఉంటేనే కదా ఏకీభవించేది. మరి వజ్రం మన గదిలో బల్ల మీద ఉన్నప్పుడే ఘనం, గ్రాఫీనూ అంతే, ఇంక కొత్తగా ఘనం అయ్యేదేవుంది? గడ్డకట్టడం అన్నా అదే చిక్కు, గడ్డ కట్టాలంటే అంతకుముందు అది జారుతూ ఉండాలి. మన కోనసీమలో ఈ తేడాలు ఎవరికీ నేర్పక్కర్లేదు, ధనుర్మాసం పొద్దున్న సీసాలో కొబ్బరినూనె పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, రక్తం గడ్డకడుతుంది, ఒకదాని మాట ఇంకోదానికి పొరపాటున కూడా వాడరు. పుస్తకం రాసేటప్పుడే చలి అనగానే చెయ్యి ‘ఘనీభవించు’ మీదకి పోతుంది, అదేం అలవాటో.

తమాషా ఏంటంటే నీ వాక్యంలో ఘనీభవించడానికి అర్హత ఉన్నది ఒక్క హీలియమే, అదేమో ఆ పని చెయ్యదు! 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ అనే శాస్త్రవేత్త దాన్ని ద్రవం చేశాడు, మామూలు పీడనంలో 4.2 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 269 సెల్సియస్ దగ్గర అది ద్రవం అవుతుంది గానీ ఆ తర్వాత ఎంత చల్లబరిచినా ద్రవంగానే ఉంటుంది, ఘనం కావాలంటే ఇంచుమించు 25 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పెట్టాలి. కారణం, పరమశూన్యం అంటే సున్నా కెల్విన్ దగ్గర కూడా కదలిక పూర్తిగా చావదు, క్వాంటమ్ నియమం ప్రకారం కొంత కదలిక మిగిలే ఉంటుంది, హీలియం తేలిక కాబట్టి ఆ మిగిలిందే దాన్ని కుదురుగా ఉండనివ్వదు. అందుకే ‘పూర్తిగా ఆగిపోతుంది’ కూడా తీసెయ్యి, ‘బాగా సన్నగిల్లుతుంది’ అను చాలు.

అయితే కార్బన్‌లో ‘బిగుసుకుపోవడం’ అనే మన మాట అచ్చంగా అతికే చోటు ఒకటుంది. 60 కార్బన్ పరమాణువులు కలిసి బంతిలా ఉండే ఫులరిన్, 1985లో కనిపెట్టారు, క్రోటో, కర్ల్, స్మాలీలకి 1996లో నోబెల్ వచ్చింది దానికే. వాటిని స్ఫటికంగా పేరిస్తే మామూలు వేడిలో ప్రతి బంతీ ఉన్నచోటే ఉండి ఇష్టమొచ్చినట్టు గిరగిరా తిరుగుతూ ఉంటుంది, సుమారు 260 కెల్విన్ దిగువకి వచ్చేసరికి ఆ స్వేచ్ఛ పోయి కొన్ని దిక్కులకే తిరిగి కూర్చుంటుంది, 90 దగ్గరికి వచ్చేసరికి ఏది ఎటు తిరిగుంటే అటే బిగుసుకుపోతుంది. అది మొదట్నుంచీ ఘనమే, బిగిసింది దాని తిరుగుడు. చలికి వేళ్ళు బిగుసుకుపోయాయి అంటాం కదా, వేళ్ళు పోలేదు, కదలిక పోయింది, సరిగ్గా అదే. వజ్రం విషయంలో ఈ మాట కూడా వద్దు, అది గదిలోనే రాగి కంటే సుమారు 5 రెట్లు బాగా వేడిని లాక్కెళ్తుంది, చల్లబరిచేకొద్దీ కొంతదూరం ఇంకా చురుకవుతుంది, మరీ చల్లబడ్డాకే ఆ చురుకు పడిపోతుంది.

ఇంక వ్యాకోచం. ఆ మాటకి అసలు అర్థం విచ్చుకోవడం, వికసించడం, అందులో వేడి ఎక్కడా లేదు. ఎనిమిదో తరగతిలో ‘వేడిచేస్తే వ్యాకోచం, చల్లబరిస్తే సంకోచం’ అని బట్టీ పట్టేశాం కాబట్టి వేడి దానికి అంటుకుపోయింది. గ్రాఫీన్ అయితే ఒక్క పరమాణువు మందం పొర, దేనికీ అంటించకుండా వదిలేస్తే వేడికి పైకీ కిందకీ రెపరెపలాడుతుంది, గోదారి గట్టున ఆరేసిన చీర గాలికి అలలు తిరిగితే ఈ కొసకీ ఆ కొసకీ మధ్య దూరం తగ్గినట్టే దాని వెడల్పూ తగ్గుతుంది, చల్లబరిస్తే రెపరెప తగ్గి పొర సాపు అవుతుంది, వెడల్పు పెరుగుతుంది. ఇలాంటి పొరలే దొంతరగా పేర్చినట్టుండే గ్రాఫైట్‌లో కూడా పొర వెంబడి ఇలాగే, కాకపోతే పొరకీ పొరకీ మధ్య దూరం మాత్రం మామూలు పద్ధతిలో చల్లబడితే తగ్గుతుంది. కాబట్టి వ్యాకోచిస్తుంది అని నిక్షేపంగా రాసుకో, కానీ ‘గది వేడి నుంచి చల్లబరుస్తూ పోతే’ అని ముందు చేర్చు, ఎందుకంటే 4 కెల్విన్ దాకా వచ్చాక పెరగడమూ తగ్గడమూ దాదాపు ఆగిపోతాయి.

‘చల్లబరచడం’ అన్నాను, ‘చల్లార్చడం’ అనలేదు, గమనించావా? అన్నం చల్లారుతుంది, కోపం చల్లారుతుంది, చల్లారడం అంటే వేడి పోయి మామూలుకి రావడం, అక్కడితో సరి. ఐసుముక్క చల్లారింది అని ఎవరూ అనరు. మామూలు కంటే కిందకి తీసుకెళ్ళేటప్పుడు చల్లబరచడమే.

నువ్వు అడక్కపోయినా ఇంకో మూడు. 1967 నుంచి కెల్విన్‌కి డిగ్రీ లేదు, ‘4 కెల్విన్’ అంటే చాలు. వజ్రంలో, గ్రాఫీన్‌లో ఉండేవి పరమాణువులు, ఫులరిన్ బంతి అయితే అణువు, పేపర్లలో అణుబాంబు అని రాసీ రాసీ ఈ రెంటినీ కలిపేశారు. స్ఫటికంలో పకి ఒత్తు ఉండాలి, స్పటికం కాదు, ఒత్తు వద్దనుకుంటే దాని తద్భవం ‘పటిక’ ఉంది గానీ అది నీళ్ళు తేర్చడానికి వాడే పటికకీ, పటికబెల్లానికీ రాసిచ్చేశాం.