కణితి తిరగబెట్టిందని ఆసుపత్రిపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి మెదడులో గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే క్యాన్సర్ కణితి). హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ‘మొత్తం తీసేశాం’ అన్నారు. రేడియేషన్ అయిన ఎనిమిది నెలలకు తీసిన ఎంఆర్‌ఐలో కణితి మళ్లీ పెరుగుతోందని వచ్చిందట. ఆ సంగతి మాకు చెప్పింది నాలుగు నెలల తర్వాత. మరో రెండు నెలలకే నాన్న పోయారు. ఇప్పటికి 16 నెలలైంది. బిల్లు 14 లక్షలు. ఇల్లు మారేటప్పుడు పాత ఫిల్ములు, సీడీలు పారేశాం. పోలీసు కేసు పెడితే ఆసుపత్రివాళ్లే రాజీకి వస్తారని బాబాయి అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కణితి మళ్లీ వచ్చిందన్న కారణంతో కేసు నిలవదు. ఈ జబ్బు కణాలు మామూలుగా కనిపించే మెదడులోకీ పాకి ఉంటాయి. ఎంత బాగా తీసినా దాదాపు అందరికీ తిరగబెడుతుంది. మీ కేసంతా ఆ నాలుగు నెలల్లో ఉంది. రిపోర్టు ఏ తేదీన వచ్చింది, డాక్టరు ఎప్పుడు చూశారు, ఓపీ కాగితంలో ఏం రాశారు?

‘రేడియేషన్ ప్రభావమేమోనని ఆగాం’ అని వాళ్లంటారు. ఎనిమిదో నెలలోనూ రేడియేషన్ వల్ల స్కాన్‌లో కణితిలాంటి మచ్చ రావచ్చు. కానీ నిజంగా ఆ అనుమానం ఉన్నవారు పర్‌ఫ్యూజన్ ఎంఆర్‌ఐ (ఆ మచ్చలో రక్తప్రసరణను చూపే స్కాన్) రాస్తారు, లేదా కొద్ది వారాల్లో స్కాన్ మళ్లీ తీయిస్తారు. ఫైల్లో ఆ ఊసే లేకపోతే సేవాలోపం అని గట్టిగా వాదించవచ్చు.

ఆ ఫైలుకు ఆధారమైన ఫిల్ములనే పారేశారు! ఇంత అజాగ్రత్త పనికిరాదు. రేపే మెడికల్ రికార్డ్స్ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. కేస్ షీటు, ఓపీ నోట్స్, రిపోర్టులతో పాటు స్కాన్ చిత్రాలు సీడీలో అడగండి. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. కానీ వాళ్లు రికార్డులు భద్రపరచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే. మీకు ఆ గడువు దగ్గరపడింది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019, సెక్షన్ 69 కింద ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మరణం నుంచి లెక్కేసుకుని నింపాదిగా ఉండకండి. రిపోర్టు తేదీ నుంచి లెక్కిస్తే మిగిలింది రెండు నెలలే. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగదు.

పోలీసు కేసు జోలికి వెళ్లకండి. డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోర నిర్లక్ష్యం కనిపించాలని, ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. స్టేషన్ చుట్టూ తిరిగేలోపు మీ రెండు నెలలు కరిగిపోతాయి. పోలీసులు కేసు మూసేస్తే ఆ కాగితాన్నే ఆసుపత్రి మీ ముందు పెడుతుంది.

మీరు చెల్లించింది 50 లక్షల లోపే కనుక కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. వేరే ఆసుపత్రిలోని న్యూరో ఆంకాలజిస్టు (మెదడు క్యాన్సర్ నిపుణుడు) అభిప్రాయం జతచేయండి. త్వరగా చెప్పి ఉంటే నాన్నగారు బతికేవారని మాత్రం రాయొద్దు, నిరూపించలేరు. రెండో ఆపరేషనో, మళ్లీ రేడియేషనో, బెవాసిజుమాబ్ అనే మందో ఆలోచించుకునే నాలుగు నెలల అవకాశం పోయిందని రాయండి. అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వారసులుగా వారినీ ఫిర్యాదులో చేర్చండి.