కొబ్బరి పిందెలు రాలుతుంటే పాదులో ఉప్పు పోయాలా?

పెరట్లో ఎనిమిదేళ్ళ చెట్టు, పిందెలు నిమ్మకాయంత కాకముందే రాలిపోతున్నాయి, అత్తగారు పాదులో రాళ్ళుప్పు పోయమంటున్నారు అని ఫొటో పంపి అడిగారు. పోయకండి. ఉప్పులో కొబ్బరికి పనికొచ్చేది క్లోరిన్. అది మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువులోనూ ఉంది, పైగా పొటాష్ కలిసొస్తుంది. ఉప్పుతో వచ్చేది సోడియం, బంకమట్టిని ఇంకా బిగదీస్తుంది.

గెలలో సగానికి పైగా పిందెలు మొదటి రెండు నెలల్లో రాలడం మంచి చెట్టుకూ మామూలే. అన్నీ రాలుతుంటేనే ఆలోచించాలి. రాలినవి ఓ పది ఏరి, ముచ్చిక రేకులు గోటితో ఒలిచి చూడండి. కింద తెల్లటి త్రికోణపు మచ్చ గానీ, అది గోధుమరంగుకు తిరిగి నెర్రెలిచ్చిన గుర్తు గానీ ఉంటే నల్లి, అంటే కాయ రసం పీల్చే, కంటికి ఆనని పురుగు. దాని కాపురమంతా రేకుల కిందే, పైన పిచికారీ చేసింది సరిగా అందదు. మందు వేరు ద్వారా ఎక్కించాలి. మొదలుకు రెండు మూడడుగుల దూరంలో తవ్వి, పెన్సిల్ మందాన ఉన్న లేత వేరును వెతికి కొస ఏటవాలుగా కోయండి. 1 శాతం అజాడిరక్టిన్ (వేప మందు) 10 మి.లీ., నీళ్ళు 10 మి.లీ. చిన్న పాలిథిన్ సంచిలో పోసి, వేరు అందులో మునిగేలా దారంతో కట్టి మట్టి కప్పండి. మర్నాటికి సంచి అలాగే నిండుగా ఉంటే ముదురు వేరు పట్టుకున్నారన్నమాట. ఇంకోటి వెతకాలి.

రేకుల కింద శుభ్రంగా ఉంటే మాత్రం ఆకలో, దాహమో. ఫొటోలో మొదలు దాకా సిమెంటు కనిపిస్తోంది, నా అనుమానమంతా దానిమీదే! కార్లు నిలపడానికి చెట్టు గొంతు బిగించి, తర్వాత కాపు లేదంటారు. కోనసీమ కాలువగట్టు మీద చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయకపోయినా కాస్తుంది, కింద తేమ ఉంది కనుక. టౌన్లో పెరటి చెట్టుకు వేసవిలో రోజూ 40 లీటర్లు కావాలి. చుట్టూ ఐదడుగుల మేర సిమెంటు పగలగొట్టి పాదు చేయండి. ఏడాదికి యూరియా 1 కిలో, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 2 కిలోలు, రెండు దఫాలుగా వేయాలి. చెట్టు మొదలు దగ్గర కుప్ప పోయకండి. మూడడుగుల అవతల వలయంగా చల్లి, మట్టిలో కలిపి నీళ్ళు పెట్టాలి. కాయలు వంకరగా, లోపల గుల్లగా వస్తుంటే 50 గ్రాముల బోరాక్స్ కూడా.

ఫలితం వచ్చే నెలకే కనిపించదు. పొత్తి (పూగుత్తిని కప్పి ఉండే తొడుగు) విచ్చడానికి ఏడాది ముందే అందులో ఆడపూలు ఏర్పడిపోతాయి. పోయిన వేసవి నీటి ఎద్దడి ఈ ఏడాది గెలలో కనిపిస్తుంది.

పచ్చి మట్టలు మాత్రం నరికించకండి. ప్రతి గెలా ఒక మట్ట చంకలోంచే వస్తుంది, మట్ట పోతే గెల జారుతుంది. ఫొటోలో దీపాల తీగకు కాండంలో దిగ్గొట్టిన ఆ మేకులూ వద్దు. మామిడిలా కొబ్బరికి గాయం పూడదు, ఎర్రముక్కు పురుగు దూరేది అలాంటి గాయాల్లోంచే.