తప్పు ఒప్పుకున్నాక కూడా శిక్ష ఎంతన్నది అడగొచ్చు

అమ్మా,

మీ ఉత్తరం మొత్తం ఇక్కడ వేయడం లేదు, విషయం మాత్రం చెబుతాను. మీవారు గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్. పద్నాలుగేళ్ల సర్వీసులో ఇంతవరకూ మచ్చ లేదు. అత్తగారికి క్యాన్సర్ ముదిరినప్పుడు సెలవు పెట్టారు, అది అయిపోయినా తిరిగి వెళ్లలేదు. ఆవిడ పోయాక తలుపేసుకుని తాగుడులో పడ్డారు. అంతా కలిపి ఐదు నెలలు. మెమోలకు జవాబివ్వలేదు, విచారణకు వెళ్లలేదు. ఎక్స్‌పార్టీగా, అంటే ఆయన లేకుండానే, విచారణ ముగించి, ఆరోపణ రుజువైందన్న నివేదిక కాపీ పంపి, పదిహేను రోజుల్లో వివరణ ఇమ్మన్నారు. ఉద్యోగం తీసేస్తారని ఆఫీసు వాళ్లంటున్నారు. ఈలోగా రాజీనామా చేసి పరువు కాపాడుకోమని మీ బావగారు అంటున్నారు. “తప్పు చేసిన మనిషికి శిక్ష తగ్గించమని ఏ మొహం పెట్టుకుని అడగమంటారు?” అని రాశారు మీరు.

తప్పు జరిగిందా అన్నది ఒక ప్రశ్న. దానికి ఎంత శిక్ష అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు “అవును” అయినంత మాత్రాన రెండోది అడిగే హక్కు పోదు. మీరు దయ చూపమని చేయి చాచడం లేదు. శిక్ష తప్పుకు తగినట్టు ఉండాలన్నది సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగం 14వ అధికరణం లోంచే వచ్చిందని సుప్రీంకోర్టు 1983లో, హిమాచల్‌ప్రదేశ్ అటవీశాఖ గార్డు భగత్ రామ్ కేసులో చెప్పింది. 1987లో రంజిత్ ఠాకూర్ అనే సైనికుడి కేసు వచ్చింది. పెట్టిన భోజనం తిననన్నందుకు ఆయన్ని కొలువు నుంచి తీసేసి, ఏడాది జైలు వేశారు. శిక్ష చేసిన తప్పుకే కాదు, చేసిన మనిషికీ తగినట్టు ఉండాలని చెప్పి కోర్టు దాన్ని కొట్టేసింది.

మీవారికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది 2012 నాటి కృష్ణకాంత్ పర్మార్ కేసు. అనుమతి లేకుండా డ్యూటీకి రానంత మాత్రాన దుష్ప్రవర్తన అయిపోదనీ, కావాలనే ఎగ్గొట్టాడని రుజువు కావాలనీ అందులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్పత్రి పాలు కావడం, తప్పించుకోలేని పరిస్థితి రావడం లాంటివి ఉంటే దాన్ని కావాలని చేసినట్టు లెక్కేయకూడదు. మీకొచ్చిన నివేదిక తెరిచి, విచారణాధికారి “ఉద్దేశపూర్వకంగా” గైర్హాజరయ్యాడని ఎక్కడైనా రాశారా, రాస్తే ఏ ఆధారంతో రాశారో పెన్సిల్‌తో గీత పెట్టుకుని చూడండి. “అనుమతి లేకుండా రాలేదు” అని మాత్రమే రాసి ఊరుకుంటే, మీ వివరణలో అసలు పట్టు అదే. ఆ నివేదిక కాపీ మీ చేతిదాకా రావడం కూడా ఎవరో చేసిన ఉపకారం కాదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగి ఒకరి కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అది ఇచ్చి తీరాలన్న మీదటే ఇది అందరికీ దక్కుతోంది.

అలాగని మీకు లేనిపోని ధైర్యం చెప్పలేను. శిక్ష మరీ మనస్సాక్షి ఉలిక్కిపడేలా ఉంటే తప్ప కోర్టులు వేలు పెట్టవని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన చతుర్వేది కేసు నుంచీ స్థిరపడింది. జోక్యం చేసుకున్నా చాలాసార్లు మళ్లీ ఆ అధికారికే తిప్పి పంపుతాయి. అందుకే మీ బలమంతా ఇప్పుడు, ఈ వివరణ మీదే పెట్టాలి. ఉత్తర్వు వచ్చాక కోర్టులో చూసుకుందాం అనుకోవద్దు.

వివరణ మీవారి మాటల్లోనే ఉండాలి. ఇలా మొదలుపెట్టమనండి: “ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నేను అనుమతి లేకుండా విధులకు రాలేదు. మెమోలకు జవాబివ్వకపోవడం, విచారణకు రాకపోవడం నా తప్పు. అయితే నేను కావాలని విధులు ఎగ్గొట్టలేదు.” ఆ తర్వాత అత్తగారి ఆస్పత్రి కాగితాలు, ఆవిడ మరణ ధ్రువపత్రం తేదీల వారీగా జతచేయండి. పద్నాలుగేళ్లలో ఇదే మొదటిసారని, సర్వీస్ రిజిస్టర్ చూడమని అడగండి. విచారణకు రాలేకపోయిన కారణం చెప్పి, ఇంకో అవకాశం ఇమ్మని కూడా కోరండి. చివర్లో ఆంధ్రప్రదేశ్ సీసీఏ నిబంధనలు (ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు), 1991లోని 9వ నిబంధనను ప్రస్తావించండి. అందులో అభిశంసన, అంటే రాతపూర్వక మందలింపు, దగ్గర్నుంచి ఇంక్రిమెంట్ల కోత, హోదా తగ్గింపు, ఆ పైన నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిస్ దాకా మెట్లు ఉన్నాయి. కింది మెట్లు ఉండగా తొలగింపు దాకా ఎందుకు వెళ్లాలో పరిశీలించమని వినయంగా అడగొచ్చు. వివరణ ఇచ్చినప్పుడు మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవొద్దు. పదిహేను రోజులు చాలవనిపిస్తే గడువు తీరకముందే రాతపూర్వకంగా గడువు కోరండి.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ఎవరో ఒక డాక్టరు పాత తేదీలతో సర్టిఫికెట్ ఇస్తాడని మీకు సలహా చెప్పేవాళ్లుంటారు. దాని జోలికి పోకండి. ఇప్పుడున్న ఆరోపణకు సానుభూతి ఉంది. దొంగ సర్టిఫికెట్ బయటపడితే అది మోసం, దానికి ఎవరి సానుభూతీ దొరకదు.

మీవారి ఆఫీసులోనే డబ్బు తీసుకుంటూ దొరికిన ఒకాయన ఇంక్రిమెంట్ కోతతో బయటపడ్డాడని రాశారు. మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ పేరు వివరణలో రాయకండి. ఒకే ఘటనలో ఒకే ఆరోపణ ఉన్న ఇద్దరికి వేరు వేరు శిక్షలు వేస్తే ఆ వాదన నిలబడుతుంది. వేరే కేసుతో పోలిస్తే నిలబడటం కష్టం, పైగా రేపు తిరిగి పనిచేయాల్సిన చోట శత్రువును తెచ్చుకున్నట్టవుతుంది.

బావగారి మాట విషయానికొస్తే, క్రమశిక్షణ చర్య నడుస్తుండగా రాజీనామాను సాధారణంగా ఆమోదించరు. ఒకవేళ ఆమోదించినా పాత సర్వీసు పోతుంది. ఆయన మీ మంచి కోరే చెప్పారు, కానీ ఈ సలహా తీసుకోకండి.

ఇక మీ ఇంటి సంగతి. మామగారు నెలలుగా కొడుకుతో మాట్లాడటం లేదు, పిల్లలు నాన్న గదిలోకి వెళ్లరు, మీరు వంటింట్లో పడుకుంటున్నారు. ఆఫీసు శిక్ష ఇంకా తేలనేలేదు, ఇంట్లో మాత్రం ఎప్పట్నుంచో అమలవుతోంది, దానికి గడువు కూడా లేదు. తల్లిని పోగొట్టుకుని కుంగిపోయిన మనిషికి ఇది మోయలేని బరువు. మీ కోపం తప్పని నేననను, తాగొచ్చినప్పుడు మీరు పడ్డది మీకే తెలుసు. కానీ ఆయనతో ఒక్కరైనా రోజూ మాట్లాడాలి. మామగారు కూడా భార్యను పోగొట్టుకున్నవారే. ఆయన కోపంలో సగం దుఃఖమేనని నాకనిపిస్తోంది. వివరణ రాసేటప్పుడు ఆయన్నీ పక్కన కూర్చోబెట్టండి, ఆస్పత్రి తేదీలు ఆయనకే బాగా గుర్తుంటాయి.

ఈ వారంలోనే మీవారిని ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రిస్ట్‌కు చూపించండి. రానని మొండికేస్తే ముందు 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. కేసు కోసం కాదు, మనిషి కోసం. “చచ్చిపోతాను” అన్న మాట వినబడితే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంత చేసినా తొలగింపు ఉత్తర్వే రావచ్చు. అప్పుడు మొదట చూడాల్సింది అది తొలగింపా, డిస్మిసా అని. డిస్మిస్ అయితే మామూలుగా మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత పోతుంది, తొలగింపులో పోదు. అప్పీలు పై అధికారికి గడువులోపు వేయాలి, అందులో శిక్ష ఎక్కువైందన్న అంశాన్ని విడిగా రాయాలి. అక్కడా కాకపోతే హైకోర్టు. రాష్ట్రంలో ఇప్పుడు పరిపాలనా ట్రిబ్యునల్ లేదు కాబట్టి సర్వీసు కేసులు నేరుగా అక్కడికే వెళ్తున్నాయి. సర్వీసు కేసులు చూసే లాయరును ఇప్పుడే కలిసి ఈ వివరణ ఒకసారి చదివించండి. ఫీజు కట్టలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థలో అడగండి, మహిళ కాబట్టి మీ కేసులకైతే ఆదాయంతో పని లేకుండా సాయం ఇస్తారు. మీవారి కేసుకు ఆయన ఆదాయం పరిమితి లోపల ఉందో లేదో అక్కడే చెబుతారు.